గేటు ముందు తూక్కు మూత

పక్కింటి అత్త పోయిందని పోయిన వారం మా తమ్ముడు ఫోన్ చేశాడు. పెద్ద వయసే, నిద్రలోనే పోయిందట. ఫోన్ పెట్టేశాక నాకు ఆవిడ తూక్కు మూత గుర్తొచ్చింది. తూక్కంటే తమిళనాడులో మా ధర్మపురి వైపు అన్నం మోసుకెళ్లే పిడిగిన్నె.

ఎనభైల్లో మా వీధి మగవాళ్లందరిదీ నూలు మిల్లులో పనే. మధ్యాహ్నం కూత వినపడగానే ఆడవాళ్లు తూక్కులతో గేటుకు నడిచేవారు. ఒకరోజు మిల్లు మూతపడింది. మర్నాడు అత్త వేళకు సంగటి, అనపగింజల పులుసు పెట్టుకుని గేటు దాకా వెళ్లిపోయింది. తాళం చూశాక గానీ మొగుడు ఇంట్లోనే పడుకున్నాడని గుర్తు రాలేదు. వెనక్కి తిరిగితే ఇంకో ఆరుగురు అదే పొరపాటు చేసి నిలబడి ఉన్నారు. అందులో మా అమ్మ ఒకతె.

"కాళ్లు వాటంతటవే వచ్చేసినాయి. వచ్చినాము కదా, మొగోళ్లను పిలుసుకోని రాండి, ఈడే తిందాము" అందట అత్త.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం గేటు ముందే భోజనం. పాలకోడు సంతలో టమాటా గంపలెత్తడానికి మనుషులు కావాలన్నా, వెల్లిచందైలో బావి తవ్వుతున్నారన్నా అక్కడే తెలిసేది. తినేముందు అత్త తన తూక్కు మూత తిరగేసి మధ్యలో పెట్టేది. అందరూ అందులో తలా ఒక ముద్ద వేయాలి. ఎవరికత్తా అంటే, "వచ్చేటోళ్లకి" అనేది. అంతకు మించి చెప్పేది కాదు, అడిగితే కసిరేది.

కొన్ని నెలలకు మా పొయ్యిలో పిల్లి లేవని రోజులొచ్చాయి. పని వెతుక్కుంటూ తిరుప్పూరు పోదామని నాన్న మూటలు కట్టించాడు. అమ్మకు ఊరు విడవడం సుతరామూ ఇష్టం లేదు, ఏడుస్తూనే కట్టింది. చెప్పి పోదామని ఆ శుక్రవారం వట్టి చేతులతో గేటుకు వెళ్లాం. నాన్న సిగ్గుపడి దూరంగా నిలబడ్డాడు.

"ఆడ నిలబడినావేమన్నా? నీ వాటా ఆరిపోతా ఉండాది" అని అత్త మూత ఆయన వైపు జరిపింది.

నాన్న తల వంచుకుని తిన్నాడు. తింటుండగానే ఎవరో, సోమవారం నుంచి సంతలో పనికి రమ్మన్నారు. "కడుపు నిండినాక ఊరు విడిసేదానికి కాళ్లు రావన్నా" అంది అత్త. సాయంత్రం అమ్మ మూటలు విప్పింది. మేం ఆ ఊళ్లోనే పెరిగాం, బాగానే బతికాం. ఆ మాట అత్తతో ఒక్కసారి కూడా చెప్పలేకపోయాను. అది నా తప్పే.

అత్త పదకొండో రోజు శుక్రవారమే పడింది. హోసూరు నుంచి వచ్చి, బస్సు దిగి నేరుగా గేటు దగ్గరికే వెళ్లాను. గేటు తుప్పుపట్టింది, లోపలంతా తుమ్మచెట్లు. పాతవాళ్లు, వాళ్ల పిల్లలు తూక్కులతో కూర్చుని ఉన్నారు. అత్త కోడలు ఆ మూతే మధ్యలో పెట్టింది, తలా ఒక ముద్ద పడింది. ఎవరి కోసమోనని నేను దారి వైపు చూశాను. బస్సు తొందరలో వట్టి చేతులతో వచ్చింది నేనొక్కదాన్నే.

"రా అక్కా, ఆరిపోతా ఉండాది" అని కోడలు మూత నా వైపు జరిపింది.

చేతిలోకి తీసుకున్నాను. ఇంకా వెచ్చగానే ఉంది.