పసుపు పెట్టిన చెట్టు

కార్ఖానా బస్తీలో ఉండే మరిడమ్మ పొద్దున లేస్తూనే పొయ్యి దగ్గరికి పోదు. పాతగుడ్డ ఒకటి పట్టుకుని పెరట్లోని పైన్ చెట్టు దగ్గరికి పోతుంది. కంప్యూటర్ కంపెనీలో కొలువు దొరికిన ఏడాది కొడుకు సాయిబాబు నాటిన చెట్టది. వాడు పోయాక ఆమెకు మిగిలింది అదే. ఈ వేసవిలో దాని బెరడుకు ఆవగింజంతేసి చిల్లులు పడి, వాటిలోంచి జిగురు కారసాగింది. "ఏడవకు నాయనా" అంటూ ఆమె రోజూ ఆ జిగురంతా శుభ్రంగా తుడిచి, దెబ్బకి పెట్టినట్టు ప్రతి చిల్లుకీ పసుపు పెట్టేది. అయినా ఆకులు ఎర్రబారిపోతుంటే బొల్లారం నర్సరీ నుంచి తోటమాలి మౌలాలిని పిలిపించింది.

అతను చిన్న బెరడు ముక్క లేపి చూశాడు. కింద చెక్క నీలంగా ఉంది.

"అయ్యో, జిగురెందుకు తుడిచినవమ్మా? పురుగును బయటికి నూకనీకె చెట్టు కార్చేదే అది. ఒక్క పురుగు లోపలికి పోతే చాలు, వాసనతోని తక్కినవాటిని పిలుస్తది. అవి మోసుకొచ్చిన బూజే ఈ నీలం. చెట్టుకు నీళ్లు సుత ఎక్కనియ్యది. నీళ్లు లేకుంటే ఇగ జిగురు సుత ఊరదు."

"పసుపెట్టేను కదా బాబూ!" అంది మరిడమ్మ.

మౌలాలి లేపిన బెరడు ముక్కను మళ్లీ దాని చోటే అదిమి పెట్టాడు.

మర్నాడు ఆమె గుడ్డ తేలేదు. ఉత్త చేతులతో మానంతా తడిమింది. "ఏడువు నాయనా, ఒక్కసారి ఏడువు" అని బతిమాలింది. అరచేతులకు పసుపు అంటింది గాని, ఎక్కడా జిగురు తగల్లేదు.