తెలుగు రాని బొమ్మ

ఎనభైల మొదట్లో ఆళ్లగడ్డలో ఒక కాన్వెంటులో చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా మావైపు కాన్వెంటే. మాది మేడమీద మూడు గదులు, ఒక గంట. సోమవారం పొద్దున నంద్యాల నుంచి బస్సులో వచ్చి శనివారం దాకా అద్దెగదిలో ఉండేదాన్ని. నంద్యాలలో అన్నావదినల ఇల్లు. నేను లేని రోజుల్లో వదిన నా మంచం మీద ఉతికిన బట్టలు పోసేది. నేను రాగానే ఒక్క మాటా అనకుండా తీసేది. ఒక మాటైనా అనుంటే బాగుండేది. ఆళ్లగడ్డలో మంచానికి ఎవరూ పోటీ రాలేదు గానీ, పలకరించేవాళ్లూ లేరు.

నా చిన్నప్పుడు చర్చిలో సండే స్కూలు టీచరు చేతికి గుడ్డబొమ్మ తొడుక్కుని కథలు చెప్పేది. అది తలచుకుని అన్న పాత మేజోడుకు రెండు చొక్కాగుండీలు కళ్లుగా కుట్టాను. పిల్లలు దాన్ని చూసి ఎగబడ్డారు. కానీ దానితో తెలుగులోనే వాగేవాళ్లు. ఒకరోజు బడి నడిపే మా కరస్పాండెంటు గుమ్మంలో నిలబడి విన్నాడు.

"తెలుగు చెప్పేదానికి నువ్వెందుకమ్మా, వాళ్ల అవ్వలు చాలు. నీ బొమ్మతో ఇంగ్లీషే మాట్లాడల్ల," అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. మరునాటి నుంచి బొమ్మకు తెలుగు రాదన్నాను. ఎవరు తెలుగు మాట్లాడినా అది తల వాల్చి నిద్రపోయేది. అందరూ కలిసి "సారీ, వేకప్, గుడ్ మార్నింగ్" అంటేనే లేచేది. వారం తిరిగేసరికి పిల్లలు ఒకరి నోరు ఒకరు మూస్తున్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బొమ్మకు ఒక కథ అల్లాను. ఏ దేశం నుంచో వచ్చి ఆళ్లగడ్డ బస్టాండులో దిగుతుంది, ఇల్లు వెతుక్కుంటుంది. ఒక్కొక్క పిల్ల దగ్గరికీ పోయి "ఈజ్ దిస్ మై హౌస్?" అని అడుగుతుంది. "నో" అని అరవడంలో వాళ్లకు ఎంత సంబరమో. ఐదేళ్ల పిల్ల ఒకతి మాత్రం ఎప్పుడూ నోరు విప్పేది కాదు. అంతకుముందు వేసవిలోనే వాళ్లమ్మ చనిపోయింది. ఒకరోజు బొమ్మ దగ్గరికి రాగానే ఆ పిల్ల "యెస్" అని, దాన్ని ఒళ్లోకి తీసుకోవడానికి గౌను సర్దుకుంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు, అంత సంతోషం. అప్పటినుంచి రోజుకు రెండు మూడు మాటలు అనేది, బొమ్మతోనే.

ఒక సాయంత్రం అందరూ వెళ్లిపోయారు. ఆ పిల్లను తీసుకుపోయే నాయనమ్మ, వాళ్ల జేజి, ఇంకా రాలేదు. నేను మెట్ల మీద కూర్చుని బొమ్మకు ఊడిన గుండీ కుట్టి, సరిపోయిందో లేదోనని చేతికి తొడుక్కుని చూసుకుంటున్నాను. ఆ పిల్ల దగ్గరికొచ్చి బొమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది.

"మాయమ్మ యాడికి పోయిందో నీకు తెలుసునా? నాయననడిగితే చెప్పడు."

నా చెయ్యి అలవాటుగా వాలిపోయింది. బొమ్మ నిద్రపోయింది.

బొమ్మ తల వెంటనే ఎత్తవచ్చు. లేదా బొమ్మను పక్కన పెట్టి పిల్లను దగ్గరికి తీసుకోవచ్చు. అమ్మ చనిపోయిందని ఎలా చెప్పాలో తెలియక, ఆ వాలిన చేతి వెనకే దాక్కున్నాను. పిరికితనం, అంతే. ఆ పిల్ల భయపడింది. "సారీ. వేకప్. గుడ్ మార్నింగ్," అంది, ఒక్కతే. నేను బొమ్మ తలెత్తి, దాని గొంతుతో "గుడ్ మార్నింగ్" అన్నాను. "థ్యాంక్యూ," అని ఆ పిల్ల వెళ్లి కింది మెట్టు మీద కూర్చుంది.

రేపు చెబుదామనుకున్నాను. రేపు కాదు, ఏ రోజూ చెప్పలేదు. సెలవులు అయ్యాక ఆ పిల్ల బడికి రాలేదు. చాన్నాళ్లకు బస్టాండులో వాళ్ల జేజి కనబడితే అడిగాను.

"వాళ్ల నాయన బేతంచెర్లకు బండల పనికి పొయినాడమ్మా, పిల్లను గూడ తీస్కపొయినాడు. ఆడ తెలుగు బళ్లో ఏసినారు. నోరే తెరవదంట. పుట్టుమూగేమో అంటాండారంట ఆ అయ్యవార్లు."