సినిమాలో చనిపోయిన లారీ డ్రైవర్

గ్యాంగ్‌స్టర్ సినిమాలో మీరు హీరో టోపీకి ఈల వేస్తారు, అతని దొంగసారా లారీ నడిపి చచ్చినవాడి ముఖం కూడా చూడరు. నేనూ చూడలేదు.

ఈ రోజు సెలవు. గల్ఫ్‌లో, బర్కాలోని మా రూమ్‌లో అమెరికా మద్యనిషేధం నాటి పాత సినిమా పెట్టి, పెట్టుబడిదారీ దోపిడీ గురించి ఉపన్యాసం దంచుతున్నాను. వాటర్ ట్యాంకర్ నడిపే మా మల్లేశ్ ఆపమన్నాడు.

"అన్నా, గా డ్రైవర్ సచ్చిండు గదా. ఆని ఇంటికి ఎవలు ఫోన్ చేసిండ్రు?"

"సినిమాలో అవన్నీ చూపించరురా."

"సినిమా పోనియ్. నా ఇంటి నంబర్ నీ ఫోన్ల ఉన్నదా?"

లేదు. రెండేళ్లుగా కార్మిక ఐక్యత మీద ఉపన్యాసాలిస్తున్న నా దగ్గర పక్క మంచం వాడి ఇంటి నంబరు లేదు!

"నీకు జరమొచ్చిననాడే వదిన నంబర్ తీస్కున్న నేను" అని నవ్వాడు.

నా డిమాండ్లు ఇవి:
రూమ్‌లో అందరి ఇంటి నంబర్లూ ఇవాళే రాసుకోండి.
మీది వాళ్లకివ్వండి.
ఇప్పటిదాకా మీ దగ్గర ఎవరి నంబరు లేదో కింద కామెంట్లలో నిజం చెప్పండి.