రాజవ్వను మిడత తిన్న తర్వాత

వెంకటరాజం ఎవరినీ చావనిచ్చేవాడు కాదు. కథల్లో సంగతి చెప్తున్నాను. కొత్తవాడలో అతనికి ఫొటో స్టూడియో ఉండేది. నేను అందులో పనిచేస్తూ పెళ్లిళ్లకు లైట్లు పట్టేవాణ్ణి. ఏటా వాడకట్టులో నాటకం ఆడించేది కూడా అతనే. రెండో రంగంలో కత్తిపోటు తిని పడిపోయిన దివాను, ఆఖరి రంగంలో బెంచీ మీద కూర్చుని చాయ్ తాగుతూ కనపడేవాడు.

"సచ్చిండు గదనే?" అని ముందు వరుసలోంచి ఎవరో ఒకరు అడిగేవారు.

"తగిలింది గని లోతు దిగలే," అని వెంకటరాజం తెర పక్కనుంచి జవాబు చెప్పేవాడు.

ఆ నాటకాల్లో ఉరిశిక్ష పడ్డ దొంగకు తాడు తెగేది. విషం తాగిన రాణికి వాంతి అయ్యేది.

ఎనభై ఆరులో వీడియో కెమెరా కొన్నాడు. పెళ్లిళ్లు లేని ఆషాఢంలో చేతులు ఊరుకోక, మనుషుల్ని తినే రాక్షస మిడతల మీద సినిమా తీశాడు. వెదురు బద్దల మీద గోనెసంచులు కుట్టి, కళ్లకు రెండు ఇత్తడి చెంబులు కట్టాం. ముందు కాళ్లు మా నాటకాల్లో వేషాలేసే గట్టయ్య, వెనక కాళ్లు నేను. లోపల ఏమీ కనపడదు. గట్టయ్య ఎడమకు తిరిగితే నేను కుడికి పోయేవాణ్ణి. మిడత నడుం దగ్గర చిరిగేది. దండులా కనపడాలని ఆ ఒక్కదాన్నే మూడుసార్లు ఉరికించాడు.

తీరా చూస్తే మా మిడతలు ఎవరినీ తినలేదు. లావు మనిషి గట్టయ్యకు కోపం వచ్చింది.

"గీ సంచిల ఉడికి సస్తాన. ఒక్కరినన్న తిననియ్యవా?"

"కొరుకు. తినుడెందుకు?"

"తినకుంటె రాక్షస మిడతెట్లయితది? మేకయితది."

అందరం మీదపడితే ఒక్కరికి ఒప్పుకున్నాడు. షూటింగ్ చూస్తూ నిలబడ్డ రాజవ్వ ముందుకొచ్చింది. అరవై దాటిన మనిషి, నూలు కండెలు చుట్టి ఒంటరిగా బతికేది. "నన్ను తిననియ్యుండ్రి బిడ్డా, నాకేం పని," అంది. సంచి కిందికి ఎంత బాగా పోయిందంటే, వాడకట్టులో టీవీ పెట్టి చూపించిన సాయంత్రం ఆడవాళ్లు ఏడ్చారు. రాజవ్వ కూడా ఏడ్చింది.

నెల తిరగకముందే వెంకటరాజం రెండో భాగం అన్నాడు.

"ఎవరడిగిండ్రన్నా?" అన్నాను.

"జనం అడుగుతాండ్రు."

నాకు తెలిసి ఏ జనమూ అడగలేదు. కథేమిటంటే, మిడత కడుపులోంచి రాజవ్వ నడిచి బయటికొస్తుంది.

"గన్ని రోజులు లోపల ఏం తిన్నదే?" అన్నాడు గట్టయ్య.

"కొంగున సర్వపిండి కట్టుకొని పోయింది."

"మరి ఊపిరి?"

"మిడతకు ముక్కు లేదా?"

పాత పిచ్చి తిరగబెట్టిందనుకుని మళ్లీ సంచిలో దూరడానికి ఒప్పుకున్నాం.

మొదటి రోజు రాజవ్వను పిలవడానికి ఆమె ఇంట్లోకి పోయాను. చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మనిషి సగమైంది. పక్కింటి పూలమ్మ నన్ను గడప బయటికి తీసుకొచ్చి చెప్పింది.

"సినిమ చూసిన కాడికెంచి గిట్లనే ఉన్నది. దవాఖానల చూపిస్తె ఏం లేదన్నరు. నా సావు నేనే చూసిన, ఇగ ఎన్నొద్దులుంట అంటది. బువ్వ ముడ్తలేదు. మీ వెంకటరాజమే రోజు పొద్దుగాల వచ్చి జావ తాగిపిచ్చి పోతాండు. నిన్ను బతికిచ్చే సినిమ తీస్తాన, నువ్వు లేవకుంటె ఎట్ల అంటాండు."

ఆ మాట గట్టయ్యకు చెప్పాను. ఆ రోజంతా అతను ఉక్కపోత ఊసెత్తలేదు.

వెంకటరాజం వెళ్లి చాప పక్కన కూర్చున్నాడు.

"అత్తా, లే. మిడత కడుపుల ఇంకెంతసేపుంటవ్?"

"సచ్చినదాన్ని గద బిడ్డా."

"నేను సంపలే. గీళ్లు పట్టువడితె సరేనన్న. ఇప్పుడు కథ నాది. నా కథల ఎవ్వరు సావరు, నీకెరుకే."

రాజవ్వ అతని మొహం చూసింది. తర్వాత చెయ్యి చాపింది. మెల్లగా నడిపించుకొచ్చి మా సంచిలోకి పంపించాడు. బయటికొచ్చాక చేతికి చీపురిచ్చి, మిడతను కొట్టమన్నాడు. మొదటి దెబ్బ మెత్తగానే పడింది. తర్వాతవి నటన కాదు. అన్నీ నా వీపు మీదే పడ్డాయి.

మళ్లీ టీవీ పెట్టిన సాయంత్రం, గోనెసంచిలోంచి ఆమె తల బయటికి రాగానే వాడకట్టంతా ఈలలు వేసింది. రాజవ్వ తెరమీద తనను చూసుకుంది, తన చెయ్యి తాను తడుముకుంది.

"ఉన్న గదనే," అంది పూలమ్మతో. "బువ్వ ఉన్నదా?"

పూలమ్మ అందరికీ వడ్డించింది. తిన్నాక రాజవ్వ వెంకటరాజాన్ని దగ్గరికి పిలిచింది.

"బిడ్డా, మూడోది తీస్తె మా ఆయనను గూడ తోలుకరా."

ఆమె భర్త పోయి పదేళ్లు దాటింది. చచ్చినవాళ్లను బతికించడానికి వెంకటరాజం తడుముకోవడం అదే మొదటిసారి.

"ఆయనెట్లొస్తడత్తా?"

"నిజంగ కాదుర, గంత తెల్వదా నాకు. గట్టయ్య ఏస్తడు. మా ఆయన గింత లావు లేకుండె. జర తగ్గాలె."

గట్టయ్య చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.