సరూర్‌నగర్ చెరువులో మేం నడిచిన పొద్దు

మొన్న మా అమ్మాయి, అల్లుడు సెలవులకు సముద్రం పక్కనున్న ఏదో ఊరికి వెళ్లివచ్చి, అక్కడి బురదనేలల్లో ఒక గైడు వెంట నీళ్లలో నడిచిన వీడియో ఫోనులో చూపించారు. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతుల్లో కర్రలు, ముందు నడిచే మనిషి ఆగమంటే అందరూ ఆగడం, పిట్ట కనబడితే ఊపిరి బిగబట్టడం. బాగుందన్నాను. అలాంటి నడక నేనూ ఒకసారి నడిచాను, ఇప్పుడు మేముంటున్న చైతన్యపురికి ఎంతో దూరం లేని సరూర్‌నగర్ చెరువులో.

అది అరవై తొమ్మిదో సంవత్సరం, నాకు పదకొండేళ్లు. నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు, ప్రత్యేక తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలూ కొలువులు చేసే పెద్దలూ రోడ్డెక్కిన ఏడు అది. బడులు మూతబడ్డ రోజుల్లోకి ఎండాకాలం సెలవులు ఎప్పుడొచ్చి కలిశాయో మాకు తెలియనేలేదు. మా నాయిన లారీ నడిపేవాడు. నల్లగొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి, అప్పటికింకా సగం పొలాలే అయిన దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. గోడ అవతల గుంటూరు నుంచి వచ్చిన గుమాస్తాగారి కుటుంబం. వాళ్లమ్మాయీ నేనూ ఒకే తరగతి, ఒకే బెంచీ. సాయంత్రాలు సందులో పిల్లలమంతా ఊరేగింపు ఆట ఆడేవాళ్లం, పెద్దవాళ్ల నినాదాలే మావీనూ. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని అందరికంటే గట్టిగా అరిచింది ఆ అమ్మాయే, గొంతు ఆమెదే పెద్దది మరి.

మా ఇంట్లోనే ఉండే మేనమామ సైన్సు పంతులు. చొక్కాకు ఉద్యమం బ్యాడ్జీ పెట్టుకుని సభలన్నిటికీ వెళ్లేవాడు, అయినా బడి లేక పాఠం చెప్పే నోరు ఊరుకునేది కాదు. ఒక పొద్దున నీటికోడి గూడు చూపిస్తానని మా ఇద్దరినీ చెరువుకు తీసుకుపోయి, అక్కడ చేపలు పట్టే తాతను దారి చూపమని అడిగాడు. ఎండలకు చెరువు సగం వెనక్కి పోయి, జమ్ముగడ్డి మా తలల కంటే ఎత్తుగా లేచి ఉంది. తాత ముందర కర్రతో నేల పొడుచుకుంటూ, ఆయన వెనుక మేమిద్దరం లంగాలు ఎగదోపుకుని చేయీ చేయీ పట్టుకుని, మా వెనుక మామ.

"నా అడుగుల అడుగెయ్యిండ్రి బిడ్డా, పక్కకు పోతే ఊబి ఉంటది," అన్నాడు తాత.

పైన చీలమండల లోతు నీళ్లు గోరువెచ్చగా, అడుగున బురద చల్లగా ఉన్నాయి. కాలి వేళ్ల మధ్య నుంచి అది పైకి పొంగుతుంటే ఇద్దరం కిసుక్కున నవ్వుకున్నాం. గూడు కూడా చూశాం, మచ్చల గుడ్లు ఐదున్నాయి. ఇంకొంత ముందుకు పోయేసరికి విజయవాడ రోడ్డు వైపు నుంచి నినాదాలు వినిపించాయి. మేము సందులో అరిచేవే, కానీ వందల గొంతుల్లో, నీళ్ల మీదుగా వస్తుంటే, అవి మా ఆటలో మాటల్లా లేవు.

ఆ అమ్మాయి ఆగింది. "ఆంధ్రావాళ్లంటే మేమేనా?" అని మెల్లగా అడిగింది.

అంతవరకూ ఆ సంగతి నాకూ తట్టలేదు. మా నాయిన మన కొలువులు మనకు కావాలనేవాడు, ఆ మాట నాకు న్యాయంగానే తోచేది; ఈ అమ్మాయి నాకు ప్రాణం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డమొస్తాయని ఎవరూ చెప్పలేదు. "ఏమో, నాకెర్క లేదు," అన్నాను. ఆ మాట అంటున్నప్పుడే మా చేతులు విడిపోయాయి.

తరువాత ఆమె ఒక్క అడుగు పక్కకు వేసింది, నడుము దాకా దిగిపోయింది. "అమ్మా, లాగండి, లాగండి" అని ఏడుస్తుంటే నేను కదలలేదు. మామ అడుగు ముందుకు వేయబోతే తాత ఆగమని గద్దించి, కర్రను ఆమె వీపు వెనుక అడ్డంగా పడేశాడు.

"కాళ్లు కొట్టుకోకు బిడ్డా. ఎనక్కి ఒరుగు, మంచం మీద ఒరిగినట్టు ఒరుగు."

ఆమె ఒరిగింది. తాత బోర్లా పడుకుని, చంకల కింద చేతులు వేసి, కొద్దికొద్దిగా లాగాడు. బురద వదిలినప్పుడు వచ్చిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది. గట్టు మీదికి చేరాక ఆయన, "ఎవల పిల్ల?" అని అడిగాడు. మామ తడుముకోకుండా, "మా అక్క బిడ్డనే," అన్నాడు. ఆ అమ్మాయి మాటతీరు విన్న తాత మామ వంకా, ఆయన బ్యాడ్జీ వంకా చూశాడు.

"ఇల్లు ఏ దిక్కున్నదో ఎర్క కావాలని అడిగిన సారూ. రోడ్డు మీద లొల్లి ఉన్నది, పొలాల మీదికెల్లి తీస్కపోత."

అలాగే తీసుకువచ్చి దిగబెట్టాడు. వాళ్లమ్మ కేకలేయలేదు, పిల్లకు స్నానం చేయించి, నాకు జంతికలు పెట్టింది. ఎలా పడ్డావని అడిగితే ఆ అమ్మాయి నా వైపు చూడకుండా, "చెయ్యి జారిందమ్మా," అంది. మామ ఎందుకు అబద్ధమాడాడో, ఆ అబద్ధం నాకెందుకు అంత ఊరటగా అనిపించిందో అర్థం కాలేదు. కొన్ని వారాలకు వాళ్లు సామాను లారీకెక్కించుకుని గుంటూరు వెళ్లిపోయారు. బదిలీ అన్నారు. కావచ్చు.

నలభై ఏళ్ల తరువాత ఉద్యమం మళ్లీ వచ్చినప్పుడు, ఎల్బీనగర్ చౌరస్తాలో రోడ్డు మీద వండి వడ్డించిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. రాష్ట్రం వచ్చిన రోజు కళ్లనీళ్లు పెట్టుకున్నాను. ఆ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. ఇప్పుడు చెరువు చాలా చిన్నదైపోయింది, జమ్ము ఉన్నచోట మేడలు లేచాయి, పెద్ద వాన పడితే వాటి కింది అంతస్తుల్లోకి నీళ్లొస్తాయి. మా అపార్టుమెంటులో పిల్లలు ఒకే నోటితో ఏందీ అంటారు, ఏంటీ అంటారు, వాళ్లకు ఆ తేడాయే తెలియదు. ఎంత హాయి అనుకుంటాను.

కానీ ఆ పొద్దున చెయ్యి జారిందో, నేనే వదిలానో, ఇన్నేళ్లుగా ఆలోచించినా తేలలేదు. మామ పోయాడు, తాత ఎప్పుడో పోయి ఉంటాడు. ఆమె ఎక్కడో నా వయసులోనే ఉండి ఉంటుంది. ఆమెకు తెలిసే ఉంటుంది. ఒకవేళ మరిచిపోయి ఉంటే, ఈ లోకంలో ఆ సంగతి గుర్తున్నది నాకొక్కదానికే. నాకేమో సరిగ్గా తెలియదు.