ఇస్త్రీ గదిలో తీగ

ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆమెను పెద్దక్క అనేవారు. వయసును చూసి కాదు, ముప్పయ్యేళ్ల సర్వీసును చూసి. తడి దుప్పటిని రెండు కొసలూ పట్టుకుని ఇస్త్రీ రోలరులోకి ముడత పడకుండా అందించడంలో ఆమెకు సాటి లేదు. మోకాళ్లు మాత్రం ఎప్పుడో మొరాయించాయి. పొద్దున లేవగానే చేసే ప్రార్థన కూడా మంచం మీద కూర్చునే చేసేది.

రోలరు ముందు ఒక అడ్డకడ్డీ ఉంటుంది. దానికి చెయ్యి తగిలితే యంత్రం టక్కున ఆగిపోవాలి. ఆ కడ్డీ వదులైపోయి, చెయ్యి తగలకపోయినా యంత్రం ఊరికే ఆగిపోతోంది. దుప్పట్లు గుట్టలు పడ్డాయి. వార్డుల నుంచి ఒకటే ఫోన్లు.

"పెద్దక్కా, ఏదైనా తీగ ఉందా?" అన్నాడు సూపర్‌వైజరు విసుగ్గా.

మూలనున్న డబ్బాలోంచి ఆమే తీసిచ్చింది. అతను కడ్డీని కదలకుండా కట్టేశాడు. పని చకచకా సాగింది. హమ్మయ్య అనుకున్నవాళ్లలో ఆమె కూడా ఉంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, పక్కన పనిచేస్తున్న మరదలి చెయ్యి దుప్పటితో పాటు లోపలికి పోయింది. తమ్ముడి భార్యను ఆ పనిలో పెట్టించింది పెద్దక్కే. ఎవరో పరిగెత్తి స్విచ్చి ఆపేసరికి మూడు వేళ్లు నుజ్జయ్యాయి.

సాయంత్రానికి తీగ మాయమైంది. మరదలే కబుర్లలో పడి ఏమరుపాటుగా చెయ్యి పెట్టిందని సూపర్‌వైజరు రాసిచ్చాడు. విచారణలో ఒక్కొక్కరే "చూడలేదు సార్" అని బయటికొచ్చారు. చివరికి పెద్దక్క వంతు వచ్చింది.

"కడ్డీకి తీగ కట్టారని మీ మరదలు అంటోంది. మీరు చూశారా?" అన్నాడు అధికారి.

"చూశానండి. ఆ తీగ ఇచ్చింది నేనే."

ఆయన రాస్తున్నది ఆపి తలెత్తాడు. "అలా చెబితే మీ మీద కూడా చర్య ఉంటుంది."

"ఉండనివ్వండి సార్. నన్ను వదిలేసి నిజం చెప్పడం నాకు చేతకాదు."

మరదలికి వైద్యం ఆసుపత్రే చేయించింది. కోలుకున్నాక కూర్చుని చేసే పని ఇస్తామంది. సూపర్‌వైజరును కింది ఉద్యోగానికి దించారు. అతన్నీ పెద్దక్కనీ మురికిబట్టలు వేరుచేసే గదిలో వేశారు.

రక్తం, చీము, మలం అంటిన గుట్టలవి. మొదటిరోజే అతను గుమ్మంలో నిలబడి డోకుకున్నాడు. ఎవరూ పలకరించలేదు. పెద్దక్కకీ జాలేమీ పొంగుకు రాలేదు. ఒళ్లు నొప్పులు, చిరాకు. ఇతని వల్లే కదా అనుకుంది. ఆ వెంటనే, నా వల్ల కూడా కదా అనిపించింది. "ప్రభువా, ఈ ఒక్కటీ చేయించు, ఇవాళ్టికి ఇంకేమీ అడక్కు" అని గొణుక్కుంటూ గోడ పట్టుకుని లేచింది.

"ముక్కుతో కాదు సార్, నోటితో గాలి పీల్చండి. గ్లౌజు మీద ఇంకో గ్లౌజు వేసుకోండి. దుప్పటి దులపకండి, సూదులుంటాయి."

"నన్నింకా సార్ అనకు పెద్దక్కా."

"అలవాటు పోవద్దూ? ముందు మాస్కు కట్టుకోండి."

ఆ కబురు ఆమెకంటే ముందే ఇంటికి చేరింది. ఆ సాయంత్రం, కట్టుకట్టిన చేత్తో తల దువ్వుకోలేక రోజూ జడ వేయించుకోవడానికి వచ్చే మరదలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా చెయ్యి నుజ్జు చేసినవాడికి గ్లౌజులు తొడుగుతున్నావంట కదా వదినా!"

"తీగ ఇచ్చినదాని చేత నువ్వు జడ వేయించుకోవట్లేదా?" అంది పెద్దక్క నెమ్మదిగా.

మరదలు గిరుక్కున వెనుదిరిగింది. రెండు వారాలు రాలేదు. ఆ తర్వాత ఓ ఆదివారం పొద్దున దువ్వెన పట్టుకొచ్చి, వీపు తిప్పి కూర్చుంది.

"నేనతన్ని క్షమించలేదు."

"నేనడగలేదుగా. తల కదపకు."

ఇద్దరూ కలిసే చర్చికి వెళ్లారు. ఆరాధన మొదలవకముందే పాస్టరుగారు ఎదురొచ్చారు. జరిగిందంతా విన్నానని, ముందుకొచ్చి నాలుగు మాటలు సాక్ష్యం చెప్పమని అడిగారు.

పెద్దక్క మోకాలు నొక్కుకుంటూ వెనక బెంచీ మీద కూలబడింది.

"చెప్పాల్సింది ఆఫీసులో చెప్పేశాను అయ్యగారూ. ఇక్కడ కాసేపు కూర్చోనివ్వండి."