చుట్టూ ఒలిచేసిన దాల్చిన చెట్లు

మా అమ్మ పుట్టిల్లు బొబ్బిలి దాటాక, కొండ కింద ఊరు. ఆ కొండమీద ఎవరూ నాటని దాల్చిన చెట్లు ఉండేవి. ముదురాకు తెచ్చి నెయ్యి కాచేటప్పుడు వేసేవాళ్లం. పన్ను నొప్పి చేస్తే బెరడు ముక్క బుగ్గన పెట్టుకునేవాళ్లం. ఇంట్లో ఎవరైనా ప్రసవిస్తే బాలింతకు పెట్టే కాయం మందులోకి ఆ చెక్కే కొట్టి కలపాలి. అమ్మ ఒక పక్కన మాత్రమే, అరచేయంత చెక్క తీసేది. మళ్లీ ఏడు ఆ చెట్టు జోలికి వెళ్లేది కాదు. "సుట్టూ తీసేస్తే సచ్చిపోతాదే" అనేది.

కిందటేడు నా కూతురు ప్రసవించింది. కాయానికి చెక్క కోసం అమ్మా నేనూ ఆ ఊరు వెళ్లాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు, అందుకని నేనొక్కదాన్నే కొండెక్కాను. వాసన దూరం నుంచే కొట్టింది. అంత ఘాటుగా ఎప్పుడూ లేదు. దగ్గరికి వెళ్లాక తెలిసింది. చెట్లన్నీ మొదలు నుంచి కొమ్మల దాకా చర్మం ఒలిచినట్టు తెల్లగా, తడిగా నిలబడి ఉన్నాయి. వేళ్ల మీది బెరడు కూడా గీకేశారు. సన్న చెట్లనైతే నరికే పడేశారు. కూలీలు సంచులు కుడుతున్నారు. వాళ్లకు పని చెబుతూ బండమీద కూర్చున్నది మా చిన్నమావ, అమ్మ సొంత తమ్ముడు.

"ఏటి మావా ఇది? ఇలా ఒలిసేస్తే సెట్టు బతుకుతాదా?"

"నాను ఒలవకపోతే ఇంకోడు ఒలుస్తాడే అమ్మీ. మసాలా షావుకారు లారీ అంపుతన్నాడు. ఎంతుంటే అంత కావాలన్నాడు."

"మరి వచ్చే ఏడు ఏటి ఒలుస్తావు?"

"వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు సూద్దుం" అని నవ్వాడు.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండిపోయింది. పక్కనున్న సంచి లాగి చెక్కంతా వాలులోకి గుమ్మరించాను. మావ లేచొచ్చి నా చేయి విసిరికొట్టాడు.

"మీ అమ్మే ఎప్పుడో అత్తోరింటికి పోయింది. ఈ కొండ సంగతి నీకేటి?"

"కొండ నీ ఒక్కడిదేటి?" అని అరిచాను. ఏడుస్తూ దిగాను. అది బాధతో వచ్చిన ఏడుపు కాదు.

సంగతి వినగానే అమ్మ తమ్ముడింట్లో అన్నం ముట్టకుండా చెప్పులేసుకుంది. అడవి ఆఫీసులో చెబితే మనిషిని పంపుతామన్నారు. ఎవరూ రాలేదు. కాయంలోకి బజారు చెక్క కొన్నాను.

ఈ వేసవికి ఆ చెట్లన్నీ ఎండిపోయాయి. ఊళ్లోవాళ్లు పొయ్యిల్లోకి నరుక్కుపోయారు. మొన్న మావ అరసవల్లిలో మా ఇంటికొచ్చాడు. మజ్జిగ తాగాక అసలు మాట బయటపెట్టాడు.

"కొండ కింద పారే గెడ్డ అవతల లోయలో కూడా దాల్చిన ఉన్నాదట కదా. మీ అమ్మ నీకు సూపించిందట. ఎక్కడే?"

"తెలుసు. సెప్పను."

"సొంత మావనే!"

"సొంత మావవి గనకే కూకోబెట్టి మజ్జిగిచ్చాను. ఇంకోడైతే గుమ్మం ఎక్కనిద్దునా? ఇక లే."

ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. నేను సాగనంపలేదు. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను.

"మంచి పని సేసినావు" అంది. తర్వాత గొంతు తగ్గించి అంది: "కానీ ఆడికి కాళ్లున్నాయి కదే. ఎతుక్కుంటాడు."